‘గ్యాస్ అయిపోయింది’ అన్న రాత్రి సంతకం పెట్టకండి

కాస్త పెద్ద పోస్టు. శనివారం పొద్దున్నే టీ తాగుతూ చదువుకోండి.

పోయిన జూలైలో ఒక శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ఏసీ చల్లగాలి ఇవ్వడం మానేసింది. బయట 104 డిగ్రీలు. ఇక్కడి డిగ్రీలు లెండి, మన లెక్కలో 40. ఇల్లు డాలస్ శివార్లలో 1994లో కట్టింది, మేము కొన్నది 2021లో. వచ్చిన టెక్నీషియన్ పెరట్లో యూనిట్ దగ్గర పది నిమిషాలు కూర్చుని లేచి, "గ్యాస్ అయిపోయింది. ఇది ఆర్-22. గవర్నమెంట్ బ్యాన్ చేసింది, ఇక దొరకదు. లోపలిదీ బయటిదీ మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. కొటేషన్ 13,800 డాలర్లు. ఆ రాత్రే సంతకం పెడితే వెయ్యి తగ్గింపు. లోన్ కూడా వాళ్ళే ఇప్పిస్తారట. ఇంట్లో చంటిపిల్ల, ఊరి నుంచి వచ్చిన అమ్మా నాన్నా. ట్యాబ్ మా చేతికిచ్చాడు. వేలితో గీకితే చాలు.

మేము గీకలేదు. ధైర్యం వల్ల కాదు, అకౌంట్‌లో అంత లేక. కానీ ఆ రాత్రి టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని, అసలు ఈ బ్యాన్ ఏంటి, ఎవరు చేశారు, ఎవరి మీద చేశారు అని చదవడం మొదలుపెట్టాం. చదివేకొద్దీ తెలిసింది, అతను చెప్పిన ప్రతి మాటా సగం నిజం. ఆ మిగతా సగం మనవాళ్ళందరికీ తెలియాలని ఈ రాత.

ముందు ‘అయిపోయింది’ అన్న మాట సంగతి. మన ఊళ్ళో ఏసీ మెకానిక్ కూడా ఇదే అంటాడు, "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టించాలి" అని. ప్రతి ఎండాకాలం కొట్టించుకుని అలవాటుపడ్డాం కాబట్టి మనకది బండికి పెట్రోల్ పోయించడం లాంటి పని అనిపిస్తుంది. కానీ ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. రాగి గొట్టాల్లో అదే గ్యాస్ లోపల ద్రవం నుంచి ఆవిరై ఇంట్లో వేడి పీల్చుకుంటుంది, బయటికెళ్ళి కంప్రెసర్ ఒత్తిడికి మళ్ళీ ద్రవమై ఆ వేడిని పెరట్లో వదిలేస్తుంది. ఇరవై ఏళ్ళైనా అదే గ్యాస్ తిరగాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత నింపాలి" కాదు, "ఎక్కడ కారుతోంది" అని. ఈ ఒక్క ప్రశ్న అడిగినందుకే మా కథ మారింది. అది చివర్లో.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. ఏసీ అనేది మొదట మనుషుల కోసం పుట్టలేదు. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో గాలిలో తేమ వల్ల కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేవి కావు. విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీర్ ఆ కాగితం కోసం తయారుచేసిన ఏర్పాటే మొదలు. మనుషులకి చల్లదనం ఆ తర్వాత వచ్చిన సంగతి.

ఆ రోజుల్లో ఫ్రిజ్‌లలో వాడినవి అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్. అన్నీ విషాలే. గొట్టం పగిలితే ఇంట్లో వాళ్ళు నిద్రలోనే పోయిన సంఘటనలు 1920లలో జరిగాయి. అందుకని విషం కానిది, అంటుకోనిది కావాలని జనరల్ మోటార్స్ వాళ్ళు, అప్పట్లో ఫ్రిజిడేర్ వాళ్ళదే, థామస్ మిడ్గ్‌లీ అనే ఆయనకి పని అప్పగించారు. 1928లో ఆయన బృందం తయారుచేసింది మనం ఫ్రియాన్ అని పిలుచుకునే ఆర్-12. 1930లో అట్లాంటాలో రసాయన శాస్త్రవేత్తల సభలో మిడ్గ్‌లీ ఆ గ్యాస్‌ని గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీద ఊది ఆర్పి చూపించాడు. ఒక్క ఊదుతో రెండూ తేలిపోయాయి: మనిషి చావలేదు, గ్యాస్ అంటుకోలేదు. పెట్రోల్‌లో సీసం కలపడం కనిపెట్టింది కూడా ఈయనే. ఒక్క మనిషి రెండు కనిపెట్టాడు, రెండిటినీ తర్వాత ప్రపంచమంతా నిషేధించాల్సి వచ్చింది. అప్పటికి ఆయన లేడు, 1944లోనే పోయాడు.

ఆర్-22 అదే కుటుంబానికి తమ్ముడు. తక్కువ సైజు కంప్రెసర్‌తో ఎక్కువ చల్లదనం ఇస్తుంది కాబట్టి ఇళ్ళ ఏసీలకి అదే స్థిరపడిపోయింది. 1960 జనాభా లెక్కల్లో అమెరికాలో నూటికి 12 ఇళ్ళల్లోనే ఏసీ. 2020కి నూటికి 88. టెక్సాస్, అరిజోనా, ఫ్లోరిడాలు ఇంత జనంతో నిండాయంటే ఆ ఆకుపచ్చ సిలిండర్ పుణ్యమే. ఆర్-22 సిలిండర్‌కి లేత ఆకుపచ్చ రంగు వేసేవాళ్ళు, ఆ తర్వాత వచ్చిన ఆర్-410ఎకి గులాబీ రంగు. రంగు గుర్తుంచుకోండి, పాత టెక్నీషియన్లు ఇప్పటికీ ఆ రంగులతోనే మాట్లాడతారు.

1974లో కాలిఫోర్నియాలోని అర్వైన్ యూనివర్సిటీలో షేర్వుడ్ రోలాండ్, మారియో మొలీనా అని ఇద్దరు లెక్క కట్టారు. ఈ గ్యాస్‌లు కిందెక్కడా విరగవు. అదే వాటి గొప్పతనం, అదే వాటి ప్రమాదం. పైపైకి వెళ్ళి ఓజోన్ పొర దగ్గర ఎండకి విరిగి క్లోరిన్ వదులుతాయి. ఒక్క క్లోరిన్ అణువు లక్ష దాకా ఓజోన్ అణువుల్ని తినేయగలదు. అన్నట్టు ఈ మొలీనా మెక్సికో నుంచి చదువుకోవడానికి వచ్చినవాడు. 1995లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది, వాళ్ళతో పాటు పాల్ క్రుట్జెన్‌కి కూడా.

ఇక్కడే మన సికింద్రాబాద్ కథలోకి వస్తుంది. వీరభద్రన్ రామనాథన్ అనే ఆయన అన్నామలై యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చేసి మొదటి ఉద్యోగం సికింద్రాబాద్‌లో ఒక రిఫ్రిజిరేటర్ కంపెనీలో చేశాడు. ఆయనకి అప్పగించిన పని ఏంటో తెలుసా? ఫ్రిజ్‌లలో నుంచి గ్యాస్ అంత త్వరగా ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం. ఆ పని ఆయనకి నచ్చలేదు, బెంగళూరు వెళ్ళి, అక్కడి నుంచి న్యూయార్క్ రాష్ట్రం వచ్చి గ్రహాల వాతావరణం మీద డాక్టరేట్ చేశాడు. 1975లో, రోలాండ్, మొలీనాల పేపర్ వచ్చిన ఏడాదికి, ఆ కారిపోయే గ్యాసే భూమిని వేడి కూడా చేస్తుందని, ఒక్కో అణువు బొగ్గుపులుసు వాయువు అణువుకి పదివేల రెట్లకు పైగా పనిచేస్తుందని ‘సైన్స్’ పత్రికలో రాశాడు. సికింద్రాబాద్‌లో కారిన గ్యాస్ ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికిందన్నమాట. ఈ ముక్క చదివినప్పుడు మా ఇంట్లో నాన్న ఫ్యాన్ ఆపి మరీ మళ్ళీ చదివించుకున్నారు. ఆయన యవ్వనమంతా సికింద్రాబాద్‌లోనే గడిచింది.

అయితే ఆయన చెప్పినదాన్ని ప్రపంచం నలభై ఏళ్ళు పక్కన పెట్టింది. ముందు ఓజోన్ మీద పడింది. 1985లో అంటార్కిటికా మీద బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఓజోన్ రంధ్రం చూపించారు. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. ధనిక దేశాలు ముందు మానాలి, మనలాంటి దేశాలకి పదేళ్ళకు పైగా అదనపు గడువు.

ఆ ఒప్పందాన్ని అమెరికా తన చట్టంలో పెట్టుకున్నది 1990 నవంబర్ 15న, గాలి కాలుష్యం చట్టానికి సవరణలు చేసి. సంతకం పెద్ద బుష్‌ది. సరిగ్గా పద్నాలుగు రోజుల తర్వాత, నవంబర్ 29న, అదే బుష్ ఇంకో చట్టం మీద సంతకం పెట్టాడు. అది 1990 ఇమ్మిగ్రేషన్ చట్టం. హెచ్-1బికి ఇప్పటి రూపం, ఏడాదికి 65,000 అన్న లెక్క అందులోవే. అంటే మనల్ని ఈ దేశానికి రప్పించిన చట్టమూ, మన పెరట్లో ఏసీకి ఆయుష్షు రాసిన చట్టమూ ఒకే పక్షంలో పుట్టాయి. రెండిట్లోనూ గడువులే గడువులు. ఒకదాన్ని మనం రోజూ లెక్కపెట్టుకుంటూనే ఉంటాం. రెండోది ఉందన్న సంగతే ఇల్లు కొన్నాక గానీ తెలియలేదు.

ఆ చట్టం ఏం చెప్పిందో జాగ్రత్తగా చూడాలి. గ్యాస్‌ని గాలిలోకి వదలడం 1992 జూలై నుంచి నేరం. గ్యాస్ కొనాలన్నా, పైపులు విప్పాలన్నా ఈపీఏ పరీక్ష పాసైన టెక్నీషియనే కావాలి. అందుకే యూట్యూబ్ చూసి మనమే నింపుకుందాం అనే వేషాలు ఇక్కడ కుదరవు. ఇక అసలు నిషేధం, తయారు చేయడం మీదా, దిగుమతి మీదా. ఇంట్లో ఉన్నదాన్ని వాడుకోవడం మీద ఎప్పుడూ లేదు. ఈ వాక్యం రెండోసారి చదవండి. పాత ఏసీ నడుపుకోవడం అప్పుడూ తప్పు కాదు, ఇప్పుడూ తప్పు కాదు.

చట్టం రాసినవాళ్ళ లెక్క ఇలా ఉంటుంది: మెషిన్‌కి పదిహేను, ఇరవై ఏళ్ళ ఆయుష్షు ఉంటుంది, గ్యాస్ మెల్లగా తగ్గిద్దాం, మెషిన్ దానంతటది చచ్చిపోయినప్పుడు యజమాని కొత్తది కొనుక్కుంటాడు, ఎవరికీ దెబ్బ తగలదు. కాగితం మీద బాగుంది. కానీ ఆ లెక్కలో మెషిన్ కొన్నవాడూ, చచ్చేదాకా వాడేవాడూ ఒక్కడే. మనం అలా కాదు. ఎవరో కొని, వాడి, అరిగించిన మెషిన్‌ని ఇంటితో పాటు చివరి ఏళ్ళల్లో కొనుక్కుంటాం. గ్యాస్ చవగ్గా ఉన్న ఏళ్ళు అమ్మినవాడివి, ఖరీదైన ఏళ్ళు మనవి.

మొదటి దెబ్బ కార్ల మీద పడింది. 1996 జనవరి 1 నుంచి ఆర్-12 తయారీ ధనిక దేశాల్లో ఆగిపోయింది. దానికి ముందే 1990లో పౌండుకి 1.37 డాలర్లు పన్ను వేశారు, 1995కి అది 5.35 అయింది. దాంతో స్మగ్లింగ్ మొదలైంది. వేరే దేశాల్లో చవగ్గా తయారయ్యే గ్యాస్ మయామీ రేవులోకి దొంగదారిన వచ్చేది. అక్కడ పట్టుబడే దొంగసరుకులో కొకైన్ తర్వాత విలువలో ఇదేనని అప్పటి కస్టమ్స్ వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అంతా ఎవరి కోసం? పాత కారు వదులుకోలేనివాళ్ళ కోసం. కొత్త కారు కొనగలిగినవాడికి ఈ గొడవే లేదు.

ఆర్-22 ఓజోన్‌కి చేసే చెడు ఆర్-12తో పోలిస్తే సుమారు ఇరవయ్యో వంతు. అందుకే దానికి ఎక్కువ గడువిచ్చారు. 2010 జనవరి 1 నుంచి కొత్త ఏసీల కోసం ఆర్-22 తయారు చేయకూడదు, పాతవాటి రిపేర్లకి మాత్రమే చేయొచ్చు. ఆ రిపేర్ల గ్యాస్‌ని కూడా ఏటా తగ్గించారు: 2015కి సుమారు 2 కోట్ల 20 లక్షల పౌండ్లు, 2019కి సుమారు 40 లక్షలు, 2020 జనవరి 1 నుంచి సున్నా. ఆ తర్వాత దొరికేదంతా ముందే నిల్వ ఉంచిందీ, పాత మెషిన్ల నుంచి తీసి శుద్ధి చేసిందీ. ధర ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. ఇంటివాళ్ళ బిల్లులో పౌండుకి 100 డాలర్లు దాటిన చోట్లున్నాయి. మామూలు ఇంటి ఏసీలో ఆరు నుంచి పన్నెండు పౌండ్లు పడుతుంది. మీరే గుణించుకోండి.

మధ్యలో ఒక దొంగ కిటికీ తెరిచారు. కొత్త ఏసీలో గ్యాస్ నింపి అమ్మకూడదు అన్నారు గానీ, ఖాళీ యూనిట్ ‘పార్ట్’ కింద అమ్మొచ్చు. దాంతో 2010 తర్వాత కూడా ఆర్-22 బయటి యూనిట్లు గ్యాస్ లేకుండా దుకాణాలకి వచ్చాయి. అద్దె ఇళ్ళ యజమానులూ, ఇల్లు కొని రంగులేసి తిరిగి అమ్మేవాళ్ళూ వాటిని ఇష్టంగా కొన్నారు. లోపలి కాయిల్ మార్చే పని తప్పుతుంది, చవక. అమ్మేటప్పుడు ‘ఏసీ 2013లో మార్చారు’ అని గొప్పగా రాసుకోవచ్చు. అలాంటి ఇళ్ళు మనవాళ్ళు చాలామంది కొన్నారు. ఏడాది చూసి కొత్తదే కదా అనుకున్నారు. అందుకే ఇన్‌స్పెక్షన్ రోజున గ్రానైట్ కౌంటర్ చూడ్డానికి ముందు పెరట్లోకి వెళ్ళి బయటి యూనిట్ మీద రేకు చదవండి. తయారైన నెల, ఏడాది, గ్యాస్ పేరు, ఎన్ని పౌండ్లు, ఎన్ని ఔన్సులు, అన్నీ దాని మీదే ఉంటాయి. ఆర్-22 అని గానీ హెచ్‌సీఎఫ్‌సీ-22 అని గానీ ఉంటే ఆ ముక్క ధర మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఆర్-22 బదులు వచ్చింది ఆర్-410ఎ. క్యారియర్ కంపెనీ 1996లో ప్యూరాన్ అన్న పేరుతో ఇళ్ళకి తెచ్చింది. క్లోరిన్ లేదు, ఓజోన్‌కి ఏమీ కాదు. కానీ దాని ఒత్తిడి ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లకు పైనే. నూనె కూడా వేరు. అందుకే పాత మెషిన్‌లో గులాబీ సిలిండర్ నింపడం కుదరదు, బయటిదీ లోపలిదీ రెండూ మార్చాలి. టెక్నీషియన్ "మొత్తం మార్చాలి" అన్నాడంటే ఆ మాటలో ఇంత నిజం ఉంది. దీనికి తోడు 2006లో ఒకసారి, 2015లో దక్షిణ రాష్ట్రాల్లో ఒకసారి, 2023లో మరోసారి కరెంట్ పొదుపు కొలత పెంచారు. పొదుపు పెరిగినకొద్దీ కాయిల్ పెద్దదవుతుంది. 1990ల ఇంట్లో ఆ చిన్న అల్మరాలో అది పట్టదు, ఇక వడ్రంగి పని కూడా బిల్లులో చేరుతుంది.

ఇంత చేసి మార్చుకున్న ఆర్-410ఎ సంగతేంటంటే, భూమిని వేడి చేయడంలో అది బొగ్గుపులుసు వాయువుకి 2,088 రెట్లు. పాత ఆర్-22 1,810. ఓజోన్‌ని కాపాడిన గ్యాస్ వేడి విషయంలో పాతదానికంటే ఎక్కువే. రామనాథన్ 1975లో చెప్పింది అప్పుడు వినిపించుకోవాల్సి వచ్చింది. 2016 అక్టోబర్ 15న రువాండాలోని కిగాలీలో మాంట్రియల్ ఒప్పందానికి సవరణ రాశారు. అందులో ధనిక దేశాలది ఒక క్యాలెండర్, ఎక్కువ దేశాలది ఇంకొకటి, ఇండియాతో పాటు సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్, ఒమన్, బహ్రెయిన్ లాంటి వేడి దేశాలది మరొకటి. వాళ్ళకి 2028 నుంచి మొదలు. గల్ఫ్‌లో ఏసీ పని చేస్తున్న మన జగిత్యాల, నిజామాబాద్ తమ్ముళ్ళు ఈ పోస్టు చదువుతుంటే, ఇక్కడ ఇప్పుడు జరుగుతున్నది మీ దగ్గరికి వరసగా వస్తుంది. ఆ కొత్త గ్యాస్ పని ముందే నేర్చుకున్నవాడికి గిరాకీ ఉంటుంది.

అమెరికాలో దీనికి చట్టం వచ్చింది 2020 డిసెంబర్ 27న. మనలో చాలామంది ఖాతాల్లో 600 డాలర్లు పడ్డ ఆ కరోనా బిల్లు గుర్తుందా? దాని వేల పేజీల్లో ఎయిమ్ చట్టం అని ఇదొకటి ఇరికించారు. ట్రంప్ సంతకం పెట్టాడు. ఈ వేడి గ్యాస్‌ల తయారీ 2024 నుంచి 60 శాతానికి, 2029 నుంచి 30 శాతానికి, 2036కి 15 శాతానికి దిగాలి. 2025 జనవరి 1 తర్వాత తయారయ్యే ఇంటి ఏసీల్లో గ్యాస్ 700 రెట్లకి మించకూడదు. అందుకే ఇప్పుడు కొత్త మెషిన్ల మీద ఆర్-454బి అనో, ఆర్-32 అనో ఉంటుంది. మొదటిది 466 రెట్లు, రెండోది 675. రెండూ కొద్దిగా అంటుకునే రకం. మిడ్గ్‌లీ కొవ్వొత్తి ఆర్పి చూపించిన గుణాన్ని 95 ఏళ్ళకి మనమే వదులుకున్నాం. భయపడేంత కాదు, కొత్త యూనిట్లలో కారితే పసిగట్టే సెన్సర్లు పెడుతున్నారు. కానీ పాత ఆర్-410ఎ మెషిన్‌లో దీన్ని నింపకూడదు. ఎవరైనా "కొత్త గ్యాస్ వేసేస్తా" అంటే ఒప్పుకోకండి.

కాబట్టి ఇప్పుడు వరసలో ఉన్నది ఆర్-22 వాళ్ళు మాత్రమే కాదు. 2010 నుంచి 2024 మధ్య ఏసీ పెట్టించుకున్నవాళ్ళంతా, అంటే మనలో ఎక్కువమంది, ఆర్-410ఎ వాళ్ళు. వాళ్ళకి ఈ రోజు గ్యాస్ దొరుకుతోంది, రిపేర్ చేయించుకోవడానికి ఆఖరి తేదీ అంటూ చట్టంలో లేదు. సరఫరా మాత్రం 2029లో సగానికి సగం పడిపోతుంది. ఆర్-22 కథ చూసినవాడికి తర్వాత ఏమవుతుందో అర్థమవుతుంది. ఆర్-410ఎ మెషిన్‌లో చిన్న లీకు ఉంటే ఇప్పుడే బాగుచేయించుకోవడం మేలు. ఏటా రెండు పౌండ్లు పోయించుకుంటూ కాలం గడిపితే 2029లో అదే పని చాలా ఖరీదైపోతుంది.

పాతవి మార్చే తొందరలో కొత్తవాటికీ కష్టాలు వచ్చాయి. 2025 వేసవిలో ఆర్-454బి సిలిండర్లకే కరువు వచ్చింది. కొత్త ఏసీ బిగించాక నింపడానికి గ్యాస్ లేక కాంట్రాక్టర్లు ఊళ్ళన్నీ వెతికారు. పాత స్టాక్ బిగించడానికి పెట్టిన 2026 జనవరి 1 గడువుని సడలిస్తామని ఈపీఏ 2025 చివర్లో ప్రతిపాదించింది. కొత్త ఏసీకి ఫెడరల్ పన్నులో వచ్చే తగ్గింపు మాత్రం 2025 డిసెంబర్ 31తో ముగిసింది. "గవర్నమెంట్ రిబేట్ వస్తుంది" అని ఇప్పటికీ చెప్పే సేల్స్‌మెన్ ఉన్నారు. ఏ రిబేట్, కరెంట్ కంపెనీదా, రాష్ట్రానిదా అని కాగితం చూపించమనండి.

ఇంకో మాయ కూడా ఉంది. ఆర్-22 ఖరీదయ్యాక ‘22ఎ’ అనే పేరుతో ప్రొపేన్ అమ్మారు. ప్రొపేన్ అంటే వంటగ్యాస్ లాంటిదే. దానికోసం తయారుచేయని మెషిన్‌లో అది పోస్తే పేలే ప్రమాదం ఉందని 2013లో ఈపీఏ హెచ్చరించింది. చవగ్గా నింపుతానని ఎవరైనా వస్తే సిలిండర్ మీద పేరు చదవండి. ఒక్క అక్షరమే తేడా.

అద్దెకుండే తమ్ముళ్ళకి ఈ గొడవ లేదనుకోకండి. పాత అపార్ట్‌మెంట్లలో యజమాని కొత్తది పెట్టడు, పాతది బాగుచేయడు, వారానికొకసారి కాస్త గ్యాస్ పోసి వెళ్తాడు. ఇది చిన్న విషయం కాదు. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో 2023లో ఎండకి 645 మంది చనిపోయారు. ఇంట్లోనే చనిపోయినవాళ్ళల్లో ఎక్కువమంది ఇళ్ళల్లో ఏసీ ఉంది, పనిచేయడం లేదు. ఏసీ లేక చావడం వేరు, ఉండీ చావడం వేరు. ఫీనిక్స్ నగరంలో అద్దె ఇంట్లో ఏసీ 82 డిగ్రీలకి దించగలగాలని రూలుంది. మీ ఊళ్ళో ఏముందో సిటీ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. ఫిర్యాదు చేస్తే వీసాకి ఏమైనా అవుతుందేమో అని చాలామంది నోరు మూసుకుంటారు. సిటీ కోడ్ ఆఫీసులో అడిగేది ఇంటి అడ్రసు, చూసేది ఇంటి పరిస్థితి.

టెక్నీషియన్లందరూ దొంగలని మేమనడం లేదు. జూలైలో ఆటిక్‌లో పాకుతూ పనిచేసేవాళ్ళ కష్టం చూస్తే మనం చేసే ఉద్యోగం ఉద్యోగమే కాదనిపిస్తుంది. గొడవ ఎక్కడంటే, కొన్ని కంపెనీలు రిపేర్‌కి వచ్చినవాడికే అమ్మకం మీద కమిషన్ ఇస్తాయి. చూసే కన్నూ అమ్మే నోరూ ఒకడివే అయితే చట్టంలో గడువు కాస్తా అతని నోట్లో బ్యాన్ అయిపోతుంది. కంప్రెసర్ పోతేనో, లోపలి కాయిల్ తుప్పు పట్టి చిల్లులు పడితేనో ఆర్-22 మెషిన్ మార్చేయడమే మంచిది, దాని మీద ఇంకా డబ్బు పెట్టడం దండగ. ఆ నిర్ణయం ఏప్రిల్‌లో తీసుకోండి, మూడు కొటేషన్లు తీసుకోండి. జూలై శుక్రవారం రాత్రి తీసుకోకండి. గ్రీన్ కార్డ్ వరసలో ఉండి, ఐదేళ్ళ తర్వాత ఈ ఇంట్లో ఉంటామో లేదో తెలియనివాళ్ళం, పదేళ్ళ ఏసీ లోన్ మీద అంత తేలిగ్గా ఎలా సంతకం పెడతాం?

ఇక మా కథ. శనివారం రాత్రంతా పిల్లనీ, పెద్దవాళ్ళనీ తెలిసినవాళ్ళ ఇంట్లో పడుకోబెట్టాం. ఆదివారం పొద్దున ఆఫీసులో ఒకాయన చెప్పిన పాత టెక్నీషియన్ వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి, హోండురాస్ నుంచి వచ్చినవాడు, ఒక్కడే, వ్యాన్ కూడా పాతదే. "ఎక్కడ కారుతోంది?" అని అడిగాం. నవ్వి, సబ్బునీళ్ళ సీసా తీశాడు. బయటి యూనిట్ దగ్గర గ్యాస్ పెట్టే వాల్వ్ మూతి మీద సబ్బు కొట్టగానే బుడగ. లోపల చిన్న పిన్ను అరిగిపోయింది, సైకిల్ ట్యూబ్ వాల్వ్‌లో ఉంటుందే, అలాంటిది. అది మార్చాడు, నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి గంటసేపు చూశాడు, శుద్ధి చేసిన ఆర్-22 మూడు పౌండ్లు తూకం వేసి ఎక్కించాడు. మొత్తం 520 డాలర్లు. రేకు మీద 2004 అనుంది. "కంప్రెసర్ ముసలిదైపోయింది, ఎప్పుడైనా ఆగొచ్చు, డబ్బు పక్కన పెట్టుకుంటూ ఉండండి" అని కూడా చెప్పాడు.

పెట్టుకుంటున్నాం, నెలకి 250. మొన్న ఏప్రిల్‌లో మళ్ళీ పిలిచి చూపిస్తే ఒత్తిడి అలాగే ఉంది. వెళ్తూ వెళ్తూ వ్యాన్ వెనక తలుపు తీసి చూపించాడు: ఒక మూల పాత ఆకుపచ్చ సిలిండర్, పక్కన గులాబీది, వాటి ముందు రెండు కొత్తవి. కొత్తవన్నిటికీ ఇప్పుడు ఒకే రంగట. పేరు చదువుకోవాల్సిందే.